మనసు ముచ్చట: గట్టుకు పోవాలా, డాక్టర్ దగ్గరికి పోవాలా?

ఈ నెల వచ్చిన ఉత్తరాల్లో ఊళ్లు వేరు, బాధలు వేరు. అడిగింది మాత్రం దాదాపు ఒకటే. మొక్కు, మాల, యోగా, పసరు, ధ్యానం, మాత్ర: వీటిలో దేన్ని నమ్మాలి? నల్లగొండలో ఏళ్ల తరబడి మనుషుల బాధలు వింటున్న సైకాలజిస్టును నేను. వీటిలో ఏ ఒక్కదాన్నీ చూడకుండానే తోసిపుచ్చను. కానీ ఎవరు ఏ వైద్యం గురించి చెప్పినా మూడు సంగతులు అడుగుతాను. అది మనిషిని కొడుతుందా, కాలుస్తుందా, కట్టేస్తుందా? డాక్టర్ దగ్గరికి పోవద్దంటుందా? అప్పు చేయిస్తుందా? ఈ మూడూ లేవంటే మందులతో పాటు అదీ ఉండొచ్చు. ఒక్కటి ఉన్నా నేను ఒప్పుకోను.

ప్రశ్న: అక్కా, మాది నార్కట్‌పల్లి దగ్గర పల్లె. మా తమ్ముడికి 22 ఏళ్లు. డిగ్రీ మధ్యలో ఆపేశాడు. ఆరు నెలల నుంచి రాత్రిళ్లు నిద్రపోడు. ఎదురుగా ఎవరో ఉన్నట్టు ఒక్కడే మాట్లాడతాడు. అన్నంలో ఏదో కలిపారని అమ్మ పెట్టింది తినడు. గాలి సోకిందని అమావాస్యలకు చెర్వుగట్టుకు తీసుకుపోతున్నాం. జాన్‌పహాడ్ దర్గాకు కూడా పోయొచ్చాం. నల్లగొండలో డాక్టర్‌కు చూపిస్తే మందులిచ్చారు. నిద్ర పట్టింది గానీ మూడో రోజు మెడ ఒక పక్కకు గుంజుకుపోయింది. భయపడి మానేశాం. ఇప్పుడు ఒకతను వచ్చి ఇది చేతబడి అంటున్నాడు. మందులు వేస్తే దేవుడు పలకడట. తొమ్మిది రోజులు తన దగ్గర వదిలితే వేప బరిగెలతో విడిపిస్తానని, నలభై వేలు అవుతుందని చెప్పాడు. అమ్మ ఒప్పుకునేలా ఉంది. మేమేం చేయాలి?
*ఒక అక్క, నార్కట్‌పల్లి మండలం*

జవాబు: చెల్లీ, ఆ మనిషి దగ్గరికి తమ్ముడిని పంపకండి. మిగతా మాటలన్నీ దీని తర్వాతే. కొట్టడం వైద్యం కాదు. అసలే అందరూ తనకు హాని చేస్తున్నారని భయపడుతున్న పిల్లాడిని కొడితే, ఆ భయం నిజమేనని మనమే రుజువు చేసినట్టవుతుంది. ఆ తర్వాత మీ అమ్మ చేతి ముద్దను అతను ఎలా నమ్ముతాడు?

చెర్వుగట్టు సంగతి వేరు. మీ అమ్మగారిని గట్టుకు పోవద్దని నేను అనను. అమావాస్య రాత్రి రామలింగేశ్వర స్వామి గుడి దగ్గర నిద్ర చేసే కుటుంబాలను చూసే ఉంటారు. చాప, సద్ది, చంటిపిల్లలతో సహా ఇంటిల్లిపాదీ వస్తారు. జబ్బు పడ్డ మనిషిని మధ్యలో పడుకోబెట్టుకుంటారు. చుట్టుపక్కల ఉన్నవాళ్లు కూడా ఏదో ఒక బాధతో వచ్చినవాళ్లే, కాబట్టి అక్కడ ఎవరూ వింతగా చూడరు. మీ తమ్ముడికి ఊళ్లో దొరకనిది అక్కడ ఆ ఒక్క రాత్రయినా దొరుకుతుంది.

దీని మీద ఒక పరిశోధన కూడా ఉంది. తమిళనాడులోని ఒక చిన్న గుడిలో మానసిక జబ్బులతో వచ్చి ఉన్న 31 మందిని బెంగళూరు నిమ్హాన్స్‌కు చెందిన ఆర్. రఘురాం బృందం పరిశీలించి, 2002లో బ్రిటిష్ మెడికల్ జర్నల్‌లో రాసింది. వాళ్లలో ఎక్కువమందికి మీ తమ్ముడిలాంటి తీవ్రమైన సమస్యలే. సగటున ఆరు వారాల దాకా గుడిలో ఉన్నారు. ఆ కాలంలో మందులు లేవు, భూతం విడిపించడాలు లేవు. వెంట ఇంటి మనిషి ఒకరు ఉండేవారు. పొద్దున కాసేపు పూజ, తర్వాత గుడి ఊడ్చడం, మొక్కలకు నీళ్లు పోయడం, అందరితో కలిసి తినడం. జబ్బు లక్షణాల కొలత దాదాపు 20 శాతం తగ్గింది. ఆదరణ ఉన్న చోట మనిషి కుదుటపడతాడనే మాటకు ఇది మంచి ఆధారం. కానీ పరిశీలించింది 31 మందినే, పోల్చి చూడటానికి ఇంకో గుంపు లేదు. పైగా 20 శాతం తగ్గిందంటే ఇంకా చాలా మిగిలే ఉందని అర్థం. ఆ మిగిలినదానికి మందులు కావాలి.

అదే తమిళనాడులో ఇంకోటి జరిగింది. రామనాథపురం జిల్లా ఏర్వాడి దర్గా దగ్గర మానసిక రోగుల్ని ఉంచే ఒక ప్రైవేటు ఆశ్రమం ఉండేది. 2001 ఆగస్టు 6 తెల్లవారుజామున దాని పాకకు నిప్పంటుకుంది. లోపలివాళ్లను గొలుసులతో కట్టేసి ఉంచారు. 28 మంది చనిపోయారు. పారిపోవడానికి కాళ్లున్నాయి, గొలుసు విప్పే మనిషి లేడు. మానసిక రోగిని ఏ రూపంలోనూ గొలుసుతో కట్టకూడదని 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం చెబుతోంది. మీ దగ్గరికి వచ్చినతను 'కొన్ని రోజులు కట్టేసి ఉంచాల్సి వస్తుంది' అంటే, అది నేరమని అతని ముఖం మీదే చెప్పండి.

గుజరాత్‌లో మెహసాణా జిల్లా ఉనావా అనే ఊళ్లో మీరా దాతార్ దర్గా ఉంది. అక్కడ 2008 నుంచి 'దవా, దువా' (మందు, ప్రార్థన) పేరుతో ఒక పని నడుస్తోంది. దర్గాకు వచ్చినవాళ్లను ప్రార్థన అయ్యాక దర్గాను చూసుకునే ముజావర్లే పక్కనే కూర్చున్న మానసిక వైద్యుల దగ్గరికి పంపుతారు. దువా చేసిన పెద్దమనిషే మాత్ర వేసుకోమంటే ఇంట్లో వాళ్లు కాదనరు. మన గట్టు మీద, మన దర్గాల దగ్గర కూడా ఇలాంటి ఏర్పాటు రావాలని నేను ఎంతగానో కోరుకుంటున్నాను. అది వచ్చేదాకా ఆ ముజావర్ పని మీరే చేయాలి. మీ అమ్మతో 'స్వామి దయ ఉంది కాబట్టే మంచి డాక్టర్ దొరికాడు, మాత్ర కూడా స్వామి పేరు చెప్పుకునే వేద్దాం' అనండి. ఇందులో అబద్ధమేమీ లేదు. ఆమె నమ్మకాన్ని చిన్నబుచ్చకుండా ఆమెను మీ వైపు తెచ్చుకుంటారు.

ఇక మెడ గుంజడం. మీ తమ్ముడిలాంటి లక్షణాలకు ఇచ్చే మందులు మొదలుపెట్టిన తొలి రోజుల్లో, ముఖ్యంగా వయసు పిల్లల్లో, కొందరికి మెడ, దవడ, కళ్లు ఒక పక్కకు లాగేస్తాయి. చూసేవాళ్లకు అచ్చం దయ్యం పట్టినట్టే ఉంటుంది. వెంటనే ఆసుపత్రికి వెళ్తే ఒక ఇంజెక్షన్‌తో విడిచిపోతుంది. తర్వాత డాక్టర్ మోతాదు తగ్గిస్తారు, లేదా మందు మారుస్తారు. మొదటి రోజే ఈ మాట చీటీ మీద రాసిచ్చి ఉంటే మీరు మందులు మానేవాళ్లు కాదు. రోగి ఇంటివాళ్లకు చెప్పడానికి రెండు నిమిషాలు లేకపోవడం వల్ల ఎన్ని వైద్యాలు మధ్యలో ఆగిపోతున్నాయో నాకు తెలుసు, అది చాలా బాధాకరం. ఆ పాత చీటీ తీసుకుని ఈ వారంలోనే మళ్లీ వెళ్లండి. డబ్బు ఇబ్బంది అయితే నల్లగొండ ప్రభుత్వ జనరల్ ఆసుపత్రిలో మానసిక వైద్య విభాగానికి పోండి. చేర్చాల్సి వస్తే హైదరాబాద్ ఎర్రగడ్డ ఆసుపత్రి ఉంది. ఈ జబ్బులో వైద్యం ఎంత ఆలస్యమైతే కోలుకోవడం అంత కష్టమవుతుంది. ఆరు నెలలు గడిచాయి, ఇంకో అమావాస్య దాకా ఆగకండి.

ఇంట్లో మాత్రం ఇలా చేయండి. 'అన్నంలో ఎవరూ ఏమీ కలపలేదు' అని వాదించొద్దు. 'అవును, కలిపారు' అని కూడా అనొద్దు. 'నీకు భయమేస్తున్నట్టుంది, నేనూ ఇదే గిన్నెలోంచి తింటా, కలిసి తిందాం' అనండి. సోమరి అని, ఇంటి పరువు తీశావని రోజూ దెప్పే ఇళ్లలో ఈ జబ్బు తొందరగా తిరగబెడుతుందని లండన్‌లో జార్జ్ బ్రౌన్ బృందం దశాబ్దాల కిందటే తేల్చింది. మీ నాన్నగారి చేత కూడా ఈ జవాబు చదివించండి. పెళ్లి చేస్తే సర్దుకుంటాడని ఎవరైనా సలహా ఇస్తే అసలే వినకండి. ఇంకో ఇంటి ఆడపిల్ల జీవితం మందు కాదు.

ప్రశ్న: మేడం, మాది దేవరకద్ర దగ్గర. మా ఆయన రోజూ దుకాణంలో కల్లు తాగుతాడు, పదేళ్లు దాటింది. సంక్రాంతి తర్వాత మా అన్న వచ్చి గట్టిగా చెప్పి రెండు రోజులు ఇంట్లోనే ఉంచాడు. రెండో రోజు చేతులు వణికినయి, చెమటలు పోసినయి. గోడ మీద చీమలు పాకుతున్నయని దులిపిండు. రాత్రి ఫిట్స్ వచ్చి పడిపోయిండు. భయపడి మళ్లీ కల్లు పోస్తే తగ్గింది. దేవుడు కోపగించుకున్నాడని మా అత్త అంటున్నది. కల్లు మాన్పించే పొడి ఉంది, తెలియకుండా కూరలో కలపమని ఒకామె చెప్పింది. అయ్యప్ప మాల వేయిస్తే మానుతాడా?
*పేరు వద్దు, మహబూబ్‌నగర్ జిల్లా*

జవాబు: అమ్మా, మీరు రాసింది దేవుడి కోపం కాదు. కల్లు ఒక్కసారిగా ఆపడం వల్ల వచ్చిన ప్రమాదం. చెట్టు నుంచి దించిన కల్లు తాగి ఒక్క రోజు మానేస్తే సాధారణంగా ఇంత జరగదు. మన పాలమూరు, నల్లగొండ జిల్లాల్లో దుకాణాల్లో అమ్మే కల్తీ కల్లులో క్లోరల్ హైడ్రేట్, డైజోఫాం, ఆల్ప్రాజోలం కలిపి పట్టుబడ్డ కేసులు ఎన్నో ఉన్నాయి. ఇవి మత్తు మందులు. మనిషి కల్లు తాగుతున్నాననుకుంటాడు, ఒంటికి అలవాటయ్యేది నిద్రమాత్ర. పదేళ్లు రోజూ మత్తులో ఉంచిన మెదడు, ఆ మత్తు ఉన్నట్టుండి ఆగిపోతే అదుపు తప్పి పరుగెడుతుంది. వణుకు, చెమట, నిద్ర పట్టకపోవడం, లేనివి కనపడటం, ఫిట్స్ అన్నీ దానివల్లే. సారా, విస్కీ తాగేవాళ్లకు కూడా చివరిసారి తాగిన రెండో రోజు నుంచి నాలుగో రోజు దాకా ఎక్కువ ప్రమాదం. ప్రాణం పోవచ్చు కూడా.

అందుకే ఇంట్లో తలుపేసి మాన్పించడం మళ్లీ చేయకండి. మీ అన్న ప్రేమతోనే చేశారు, ఆయన్ని నిందించొద్దు. మహబూబ్‌నగర్ ప్రభుత్వ జనరల్ ఆసుపత్రికి తీసుకెళ్లండి. కల్లు రోజూ ఎన్ని సీసాలు, ఎన్నేళ్లుగా, చివరిసారి ఎప్పుడు తాగాడు, ఫిట్స్ వచ్చాయన్న సంగతి దాచకుండా చెప్పండి. అక్కడ దానికి సరిపడే మందు ఇచ్చి కొద్ది రోజుల్లో మెల్లగా తగ్గించుకుంటూ వస్తారు. బి1 విటమిన్ కూడా ఇస్తారు. ఊళ్లో ఆర్ఎంపీ దగ్గర గ్లూకోజ్ బాటిల్ ఒక్కటే ఎక్కించి పంపించేస్తుంటారు. ఏళ్లుగా తాగుతూ సరిగా తినని మనిషికి బి1 ఇవ్వకుండా గ్లూకోజ్ ఎక్కిస్తే మెదడు దెబ్బతినే ప్రమాదం ఉంది. ఫిట్స్ మళ్లీ వస్తే 108కి ఫోన్ చేయండి.

ఆ పొడి మాత్రం కలపకండి. డైసల్ఫిరాం అనే మాత్రను నలిపి ఇలా అమ్మేవాళ్లున్నారు. అది ఒంట్లో ఉండగా కల్లో సారానో తాగితే గుండె దడ, వాంతులు, బీపీ పడిపోవడం జరుగుతాయి. డాక్టర్లు కూడా ఆ మాత్ర ఇస్తారు, కానీ మనిషికి చెప్పి, అతను ఒప్పుకున్నాకే ఇస్తారు. చెప్పకుండా కలిపింది రేపు బయటపడితే మీ చేతి అన్నం మీద ఆయనకు నమ్మకం పోతుంది.

మాల గురించి మీరు అడిగినందుకు సంతోషం. మాల వేసి మానినవాళ్లను నేను చూశాను, అందులో నిజమైన బలం ఉంది. 41 రోజులు పొద్దున్నే స్నానం, సాయంత్రం భజన, చుట్టూ తాగని మనుషులు. నిన్నటిదాకా తాగుబోతు అన్న ఊరే ఇవాళ 'స్వామీ' అని దండం పెడుతుంది. తన మీద తనకు గౌరవం పోయిన మనిషికి అది తిరిగొస్తుంది. ఏ కౌన్సెలింగ్‌లోనూ ఇంత తొందరగా అది ఇవ్వలేం. కానీ వరుస ముఖ్యం. ముందు ఆసుపత్రి, ఒంట్లో మత్తు పోయాక మాల. కల్లు ఆపిన రోజే మాల వేసి, చన్నీళ్ల స్నానం, ఒంటిపూట భోజనం మొదలుపెడితే ఆ మూడో రోజు ప్రమాదం దీక్షలోనే వస్తుంది. ఇంకోటి, మాల తీసిన మర్నాటి సాయంత్రం ఆరు గంటలకు ఆయన ఎక్కడ ఉండాలో ఇప్పుడే ఆలోచించండి. రోజూ దుకాణం వైపు కాళ్లు పోయే సమయం అదే. గురుస్వామిని అడిగి ఆ వేళకు గుడిలో ఏదైనా పని చెప్పమనండి. ఆసుపత్రి వాళ్లు రమ్మన్న తేదీలకు ఆయనతో పాటు మీరూ వెళ్లండి.

ప్రశ్న: నేను మిర్యాలగూడలో టీచర్‌ని. వయసు 44. డిప్రెషన్ అని డాక్టర్ మాత్రలు రాశారు. రెండు నెలలైంది, ఇప్పుడు బాగున్నాను. ఈ మాత్రలు అలవాటైపోతాయట, మానేసి అశ్వగంధ వేసుకుని యోగా చేస్తే చాలని మా తోటి టీచర్లు అంటున్నారు. నిజమేనా?

జవాబు: టీచర్ గారూ, అలవాటయ్యేవి నిద్రమాత్రల్లో కొన్ని రకాలు. డిప్రెషన్‌కు ఇచ్చే మాత్రలు అలాంటివి కావు. వాటి మీద యావ పుట్టదు, రోజురోజుకూ మోతాదు పెంచుకోవాలనిపించదు. కానీ ఉన్నట్టుండి ఆపితే తల తిరగడం, చిరాకు, నిద్ర చెడటం ఉంటాయి కాబట్టి మెల్లగా తగ్గించాలి. బాగయ్యాక కూడా సాధారణంగా 6 నుంచి 9 నెలలు వాడమంటారు. రెండో నెలలోనే ఆపినవాళ్లకు తిరగబెట్టే అవకాశం ఎక్కువ. ఎప్పుడు ఆపాలో మీ డాక్టర్‌తోనే మాట్లాడండి.

యోగా తప్పకుండా చేయండి. మాత్ర బదులు కాదు, మాత్రతో పాటు. ఆసనాలకు ఓపిక లేని రోజున సాయంత్రం అరగంట చురుగ్గా నడిచినా చాలు. అశ్వగంధ చెట్టు నుంచి వచ్చిందే కదా, ఏం చేస్తుందిలే అనుకోకండి. అది థైరాయిడ్ మందులతో, మత్తునిచ్చే మందులతో కలిసి తేడా చేయగలదు. కొందరికి కాలేయం దెబ్బతిన్న దాఖలాలు కూడా ఉన్నాయి. వేసుకోవాలనుకుంటే మీ డాక్టర్‌కు చెప్పి వేసుకోండి. ఇంతవరకు థైరాయిడ్, బి12 పరీక్షలు చేయించుకోకపోతే చేయించుకోండి. నీరసం, దిగులు వాటివల్ల కూడా వస్తాయి.

ప్రశ్న: అమ్మా, నా వయసు 67. అచ్చంపేట దగ్గర వ్యవసాయం చేసుకునేవాణ్ణి. నాలుగు నెలల కింద నా భార్య కాలం చేసింది. పిల్లలు హైదరాబాద్‌లో ఉంటారు. పొద్దున పొయ్యి దగ్గర నుంచి ఆమె పిలిచినట్టు స్పష్టంగా వినిపిస్తుంది. ఒకరోజు పలికాను కూడా. నాకు మతి చెడుతుందా? పిల్లలతో చెప్తే పిచ్చాసుపత్రికి తీసుకుపోతారేమోనని చెప్పలేదు. వాళ్లు ఇల్లు తాళం వేసి వచ్చేయమంటున్నారు. అన్నం సయించదు.

జవాబు: అన్నా, మీకు మతి చెడలేదు. ధైర్యంగా ఉండండి. నలభై ఏళ్లకు పైగా రోజూ విన్న పిలుపు నాలుగు నెలల్లో చెవిని వదిలిపోదు. బ్రిటన్‌లోని వేల్స్‌లో డెవీ రీస్ అనే డాక్టర్, భర్తనో భార్యనో పోగొట్టుకున్న 293 మందిని అడిగి 1971లో రాశాడు. వాళ్లలో దాదాపు సగం మందికి పోయినవాళ్లు పక్కనే ఉన్నట్టు అనిపించడమో, కనిపించడమో, మాట వినిపించడమో జరిగింది. చాలామంది అప్పటిదాకా ఆ సంగతి ఎవరికీ చెప్పలేదు, మీలాగే. ఎక్కువమంది దాన్ని భయంగా కాక ఊరటగా చెప్పుకున్నారు. మీరు పలికారు కదా, అందులో తప్పేమీ లేదు.

మన దగ్గర దినాలు అయ్యేదాకా ఇల్లు నిండా జనం. ఒకరు అన్నం తెస్తారు, ఒకరు పక్కన పడుకుంటారు. ఆ పదకొండు రోజులు మనిషిని పడిపోకుండా పట్టుకోవడానికే పెద్దలు పెట్టారని నా నమ్మకం. కష్టం వచ్చేది ఆ తర్వాత, అందరూ ఎవరి పొలాలకు వాళ్లు పోయాక. మూడో నెల, నాలుగో నెల పరామర్శకు ఎవరూ రారు. ఈ ఉత్తరం చదువుతున్నవాళ్లలో ఎవరికైనా అలా ఒంటరిగా మిగిలిన పెద్దాయన తెలిసి ఉంటే, ఇవాళే వెళ్లి ఆయనతో కలిసి ఒక పూట తినండి.

మీకు నేను చెప్పేది, రోజుకు ఒక్క పూటైనా ఒంటరిగా తినకండి. తమ్ముడి ఇంట్లోనో, పాలివాళ్ల ఇంట్లోనో కూర్చుని తినండి. అడగడానికి మొహమాటపడితే మీ చేనులో పండింది ఏదైనా తీసుకుపోండి. ఆమె వండినవి, ఆమె చెప్పిన ముచ్చట్లు మనవళ్లకు ఫోన్‌లో చెప్పండి. ఆమె పేరు ఎత్తితే మీరు ఏడుస్తారని పిల్లలు ఎత్తడం లేదేమో, మీరే ఎత్తండి. ఏడుపు వస్తే రానివ్వండి. ఇల్లు తాళం వేసే నిర్ణయం ఇప్పుడే చేయొద్దు. నెలకు వారం రోజులు హైదరాబాద్ పోయిరండి, మిగతా రోజులు ఇక్కడే ఉండండి. సంవత్సరీకం అయ్యాక తీరిగ్గా ఆలోచించుకోవచ్చు.

రెండు విషయాల్లో మాత్రం ఆలస్యం చేయకండి. అన్నం సయించక బాగా చిక్కిపోతుంటే డాక్టర్‌కు చూపించుకోండి, ముందుగా షుగర్, బీపీ చూపించుకోండి. ఇంక నేనెందుకు బతకాలి అనే ఆలోచన వస్తుంటే ఏ వేళలోనైనా 14416కు ఫోన్ చేయండి. అది ప్రభుత్వం 2022లో మొదలుపెట్టిన టెలీ మానస్, ఉచితం, తెలుగులో మాట్లాడతారు. అలాంటి ఆలోచన వస్తున్న సంగతి పిల్లలకు కూడా చెప్పండి. ఏడాది దగ్గరపడుతున్నా దుఃఖం ఇసుమంతైనా తగ్గక, ఏ పనీ చేయనివ్వకపోతే దానికి విడిగా కౌన్సెలింగ్ ఉంది. నాకు మళ్లీ రాయండి.

ప్రశ్న: అక్కా, నాది నల్లగొండ, హైదరాబాద్‌లో ఉద్యోగం. టెన్షన్ ఎక్కువైందని ఆన్‌లైన్‌లో ఒక హీలింగ్ కోర్సులో చేరాను. 'గతంలోకి తీసుకెళ్తాను' అని కళ్లు మూయించి, చిన్నప్పుడు మా బాబాయి నాకు హాని చేశాడని ఆవిడ చెప్పింది. నాకు అలాంటిదేమీ గుర్తు లేదు. కానీ ఇప్పుడు కళ్లు మూస్తే అదే కనిపిస్తోంది. రెండు నెలలుగా ఇంటికి పోలేదు. తర్వాతి లెవల్‌కు ఇంకో 60 వేలు కట్టమంటోంది.

జవాబు: చెల్లీ, డబ్బు కట్టకు. ఆ సెషన్లు ఇక్కడితో ఆపెయ్. జరిగిందని నేను అనను, జరగలేదనీ అనను. చిన్నతనంలో నిజంగా హాని జరిగినవాళ్లు నా దగ్గరికి వస్తారు, వాళ్ల మాటను నేను ఎప్పుడూ కొట్టిపారేయను. కానీ నీ విషయంలో ఆ మాట మొదట వచ్చింది నీ నోటి నుంచి కాదు, ఆవిడ నోటి నుంచి. జ్ఞాపకం ఫోన్‌లో వీడియోలా భద్రంగా ఉండేది కాదు. అమెరికాలో ఎలిజబెత్ లాఫ్టస్ 1995లో ఒక ప్రయోగం గురించి రాసింది. 24 మందికి వాళ్ల చిన్ననాటి నిజమైన సంఘటనలతో పాటు, ఐదారేళ్ల వయసులో షాపింగ్ మాల్‌లో తప్పిపోయారని కల్పించిన కథ ఒకటి ఇచ్చారు. నాలుగో వంతు మంది అది తమకు జరిగిందని పూర్తిగానో కొంతగానో నమ్మారు. కళ్లు మూయించి, మనసు మెత్తబడి ఉన్న వేళలో పదేపదే చెప్పిన మాటకు బొమ్మ కట్టడం మనసుకు కష్టం కాదు.

బాబాయిని నిలదీయడం, ఇంటితో తెంచుకోవడం ఇప్పుడే వద్దు. ముందు నీకు నిద్ర, తిండి, ఉద్యోగం కుదురుకోవాలి. ఒక క్లినికల్ సైకాలజిస్టును కలువు. వాళ్లకు భారత పునరావాస మండలి (రిహాబిలిటేషన్ కౌన్సిల్ ఆఫ్ ఇండియా) రిజిస్ట్రేషన్ నంబర్ ఉంటుంది, అడగడానికి సిగ్గుపడకు. మంచి థెరపిస్టు నీ గతాన్ని నీకు చెప్పరు, నువ్వు చెప్పేదాకా ఆగుతారు. మొదటి రోజే బాధాకరమైనవి తవ్వరు. ఎన్ని సెషన్లు పట్టొచ్చో, ఎంతవుతుందో ముందే మాట్లాడతారు. నీకు వద్దనిపిస్తే ఆపేసే హక్కు ఉందని చెబుతారు. ధ్యానం చేయడం మానొద్దు. కళ్లు మూస్తే ఆ బొమ్మలే వస్తుంటే కొన్నాళ్లు కళ్లు తెరిచే చెయ్, నడుస్తూ అడుగుల మీద దృష్టి పెట్టినా అది ధ్యానమే. అమ్మకు మాత్రం ఒక్కసారి ఫోన్ చెయ్. కారణాలు చెప్పక్కర్లేదు.

ప్రశ్న: నేను ఇంటర్ చదువుతున్నా, మాది నాగర్‌కర్నూల్. పరీక్ష అంటే గుండె దడదడ కొట్టుకుని, ఊపిరి ఆడక, చచ్చిపోతానేమో అనిపిస్తుంది. ఈసీజీ తీశారు, ఏమీ లేదన్నారు. అమ్మ తాయెత్తు కట్టించింది. ఇంకేం చేయాలి?

జవాబు: తమ్ముడూ, తాయెత్తు ఉండనీ, దానివల్ల నష్టం లేదు. నీకు వచ్చేది పానిక్ అటాక్‌లాగా ఉంది. అది వచ్చినప్పుడు భయం పెరుగుతూ పోయి దాదాపు పది నిమిషాల్లో పై అంచుకు చేరి, తర్వాత దానంతట అదే దిగుతుంది. గుండె బాగానే ఉందని ఈసీజీ చెప్పింది కాబట్టి అది నిన్ను చంపదు. ఊపిరి ఆడటం లేదని గబగబా పీల్చితే చేతులు తిమ్మిరెక్కి, తల తిరిగి ఇంకా భయం పెరుగుతుంది. కాబట్టి పీల్చడం మీద కాదు, వదలడం మీద దృష్టి పెట్టు. ముక్కుతో మామూలుగా పీల్చి, పెదవులు సున్నాలా చుట్టి, మనసులో ఆరు లెక్కపెడుతూ మెల్లగా వదులు. రోజూ పొద్దున, రాత్రి ఐదు నిమిషాలు చేసి అలవాటు చేసుకుంటేనే పరీక్ష రోజు పనికొస్తుంది.

రాత్రి రెండింటి దాకా చదవడం, టీలు తాగడం తగ్గించు. స్లిప్ టెస్టులు ఎగ్గొట్టకు. తప్పించుకున్న ప్రతిసారీ భయానికి బలం వస్తుంది. హాల్లో మొదలైతే లేచి బయటికి రావద్దు. పెన్ను బల్ల మీద పెట్టి, రెండు పాదాలు నేలకు గట్టిగా ఆనించి, పది ఊపిరులు మెల్లగా వదిలి, నీకు బాగా వచ్చిన ప్రశ్నతో రాయడం మొదలుపెట్టు. నెల రోజులు ఇలా చేసి, ఏది కుదిరిందో ఏది కుదరలేదో నాకు రాసి పంపు.